యూకే స్పౌజ్ వీసా రిఫ్యూజ్ అయితే: అప్పీలా, కొత్త అప్లికేషనా?

రిఫ్యూజల్ లెటర్ వచ్చిన ఇంట్లో ముందు ఫోన్లు మోగుతాయి, లెటర్ చదవడం తర్వాత. అబ్బాయి లెస్టర్ నుంచి ఏజెంటుకు చేస్తాడు, అమ్మాయి నాన్న హన్మకొండ నుంచి వియ్యంకుడికి చేస్తాడు, వియ్యంకుడు తనకు తెలిసిన లాయరుకు చేస్తాడు. సాయంత్రానికల్లా ఇల్లు రెండు పార్టీలవుతుంది. "ఇంకోసారి పెడితే ఐపాయె, దానికింత లొల్లి ఎందుకు" అని ఒకరు. "మన తప్పు లేనప్పుడు ఊకునుడేంది బావా, అప్పీల్ వెయ్యాలె" అని ఇంకొకరు. లెటర్ మాత్రం వాట్సాప్‌లో ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కు తిరుగుతుంటుంది, ఎవరూ రెండో పేజీ దాకా పోరు. ఏ దారి పట్టాలో తెలిసేది ఆ రెండో పేజీలోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అప్లికేషన్ పెట్టిన రోజున మీ ఫైల్లోనే లోటు ఉంటే కొత్తగా పెట్టుకోండి. ఫైల్ నిండుగా ఉండి అధికారి దాన్ని తప్పుగా చదివినా, మీ పెళ్ళిని నమ్మనన్నా, మీరు అబద్ధమాడారన్నా అప్పీల్ వేయండి. కోపం, పరువు, "ఫలానావాళ్ళు వేస్తే గెలిచారట" అన్న కబురు, వీటిని లెక్కలోకి తీసుకోకండి.

ముందు మీది ఏ వీసానో చూసుకోండి

మన వరంగల్, కరీంనగర్ వైపు భర్త దగ్గరికి వెళ్ళే ఏ వీసానైనా స్పౌజ్ వీసా అనేస్తారు. యూకే లెక్కలో అవి రెండు వేరు. భర్త గానీ భార్య గానీ బ్రిటిష్ పౌరులైనా, అక్కడ శాశ్వత నివాసం వచ్చినవాళ్ళైనా అప్పుడు పెట్టేది ఫ్యామిలీ రూట్ కింద పార్ట్‌నర్ వీసా. ఈ వ్యాసం దాని గురించే. దాన్ని తిరస్కరిస్తే ట్రిబ్యునల్‌కు (ఇలాంటి తగాదాలు వినే అక్కడి న్యాయస్థానానికి) అప్పీల్ చేసుకునే హక్కు మామూలుగా ఉంటుంది.

భర్త స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే మీది డిపెండెంట్ వీసా. దానికి ఈ అప్పీల్ దారి మామూలుగా ఉండదు. 28 రోజుల్లోపు 80 పౌండ్లు కట్టి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అడగాలి. అధికారి చేసిన పొరపాటును ఇంకో అధికారి చూస్తాడు, కొత్త కాగితాలకు అందులో చోటు దాదాపు లేదు. మధ్యలో కొత్త అప్లికేషన్ పెడితే రివ్యూ రద్దయినట్టే. కేర్ వర్కర్లుగా వెళ్ళినవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 2024 మార్చి 11 తర్వాత ఆ ఉద్యోగంలోకి కొత్తగా వెళ్ళినవాళ్ళు కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలు లేదు. మామూలు (రీసెర్చ్ కాని) మాస్టర్స్ చదువుకు వెళ్ళినవాళ్ళకు 2024 జనవరి నుంచే ఆ తలుపు మూసేశారు. రూలే లేనప్పుడు రివ్యూ అడిగినా, మళ్ళీ పెట్టినా ఫలితం ఒక్కటే. అలాంటివాళ్ళ దగ్గర "ట్రై చేద్దాం సార్" అంటూ డబ్బు గుంజే ఆఫీసులు హన్మకొండ నక్కలగుట్టలో ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అమెరికా, కెనడా లెక్కలు పూర్తిగా వేరు, వాటిని దీనితో కలపకండి.

లెటర్ చివర్లో అప్పీల్ హక్కు ఉందా లేదా, ఉంటే ఎన్ని రోజుల్లో వేయాలి అని రాసి ఉంటుంది. మిగతా లెటర్ కంటే ముందు ఆ పేరా చదవండి.

అప్పీల్ అంటే ఇక్కడి కోర్టు కేసు లాంటిది కాదు

"జడ్జి" అనగానే మనవాళ్ళకు వాయిదాలు, నల్లకోట్లు కళ్ళముందు కదులుతాయి. ఈ అప్పీళ్ళు వినే ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్ అంత భయపడాల్సిన చోటు కాదు. అప్పీల్ ఆన్‌లైన్లోనే వేస్తారు. దేశం బయట ఉన్నవాళ్ళకు నిర్ణయం అందిన రోజు నుంచి 28 రోజుల గడువు. మెయిల్‌లో వచ్చిన రోజు నుంచి అని గుర్తుపెట్టుకోండి. పాస్‌పోర్ట్ వీఎఫ్ఎస్ (వీసా అప్లికేషన్లు తీసుకునే సెంటర్) నుంచి ఇంటికి చేరిన రోజు నుంచి లెక్కపెట్టుకుని గడువు దాటించుకున్నవాళ్ళు ఉన్నారు. దాటిపోతే ఆలస్యానికి కారణం చెప్పి అనుమతి అడగొచ్చు గానీ, ఇస్తారన్న గ్యారంటీ లేదు.

ఫీజు తక్కువే. కాగితాలు చూసి తీర్పు చెప్పమంటే 80 పౌండ్లు, విచారణ కావాలంటే 140. మీ పెళ్ళి నిజమైనదా కాదా అన్నది తేలాల్సిన కేసులో ఆ 60 పౌండ్లు మిగుల్చుకోవద్దని నా సలహా. భర్త ఎదురుగా కూర్చుని మాట్లాడితే పడే నమ్మకం కాగితం మీద పడదు. విచారణ బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లండన్ లాంటి చోట్ల జరుగుతుంది. అమ్మాయి ఇక్కడే ఉంటుంది, ఆమె చెప్పాల్సింది రాతపూర్వకంగా వెళ్తుంది. అక్కడ నోరు విప్పాల్సింది భర్తే. ఇంగ్లీషులో తడబడతాడనుకుంటే తెలుగు దుబాసీ కావాలని ముందే అడగొచ్చు, ఆ ఏర్పాటు ట్రిబ్యునల్‌దే.

ఒక చిక్కు మాత్రం తెలుసుకోవాలి. 2014 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చాక, 2015 ఏప్రిల్ నుంచి ఈ అప్పీల్ మానవ హక్కుల ప్రాతిపదిక మీద మాత్రమే నడుస్తోంది. అంటే "అధికారి రూల్ తప్పాడు" అన్నంత మాత్రాన చాలదు. ఈ తిరస్కరణ యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని 8వ అధికరణం ఇచ్చే కుటుంబ జీవితపు హక్కును అన్యాయంగా దెబ్బతీసిందని చూపాలి. వినడానికి పెద్ద మాటగా ఉంది కదా. ఆచరణలో దీనికి అర్థం, రూల్స్ అన్నీ మీరు అందుకున్నారని జడ్జిని ఒప్పించగలిగితే గెలుపు దాదాపు మీదే. 2018లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఒక కేసులో ఇదే ధోరణిలో చెప్పింది. రూల్స్ అందుకోనివాళ్ళు మాత్రం అసాధారణ పరిస్థితులు చూపించాలి. బ్రిటిష్ పౌరసత్వమున్న పసిబిడ్డ, భర్త ఇక్కడికి వచ్చి బతకలేనంత అనారోగ్యం లాంటివి. "విడిగా ఉండటం కష్టంగా ఉంది" అంటే ప్రతి జంటకీ కష్టమేగా అని పక్కన పెట్టేస్తారు.

అప్పీల్‌లో చాలామందికి తెలియని మంచి సంగతి ఒకటుంది. మీ వాదన, కాగితాలు అప్‌లోడ్ చేశాక, విచారణకు ముందే హోం ఆఫీసు (వీసాలు చూసే అక్కడి ప్రభుత్వ శాఖ) తన నిర్ణయాన్ని మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. అధికారి తప్పు స్పష్టంగా కనబడుతుంటే వాళ్ళే తమ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అలా జరిగితే జడ్జి దాకా పోనక్కర్లేదు. అందుకే వాదన రాసేది ఎవరన్నది ముఖ్యం. ఈ పనికి డబ్బు పెట్టండి.

చెడు సంగతి, కాలం. నెలలు పడుతుంది, ఏడాది దాటడం వింతేమీ కాదు. గెలిచాక కూడా హోం ఆఫీసుకు పై ట్రిబ్యునల్‌కు వెళ్ళే అనుమతి అడగడానికి 14 రోజులుంటాయి. పెళ్ళై మూడు నెలలకే విడిపోయి ఉన్న జంటకు ఏడాది అంటే మాటలు కాదు.

కొత్త అప్లికేషన్: త్వరగా తేలుతుంది, ఖర్చు బరువు

రిఫ్యూజ్ అయ్యాక ఆరు నెలలు ఆగాలని ఒక ప్రచారం ఉంది. అలాంటి రూల్ లేదు. కాగితాలు సిద్ధంగా ఉంటే మర్నాడే పెట్టొచ్చు. మామూలుగా 12 వారాల్లో నిర్ణయం చెబుతామంటారు.

ఖర్చు మాత్రం చూసుకోండి. 2025 ఏప్రిల్‌లో ఫీజు 1,938 పౌండ్లకు పెరిగింది, కట్టే ముందు ఆ రోజు ఎంతుందో మళ్ళీ చూడండి. దానిపైన ఆరోగ్య సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టేది), 33 నెలల వీసాకు 3,105 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే రెండూ కలిపి 5 లక్షల 80 వేల దాకా. రిఫ్యూజ్ అయితే సర్‌చార్జ్ వెనక్కొస్తుంది, ఫీజు రాదు. అప్పీల్ వేస్తే ఆ సర్‌చార్జ్ తిరిగి రావడం కూడా ఆలస్యమవుతుంది. అంటే మళ్ళీ పెట్టేవాళ్ళకు నిజంగా పోయేది రెండు లక్షల ఇరవై వేల చిల్లర. దానికి తోడు టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, గడువు దాటితే ఆ పరీక్ష మళ్ళీ. ఇంగ్లీషు పరీక్ష రెండేళ్ళ దాకా చెల్లుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు.

జీతం లెక్కలో పోయినవాళ్ళు

2012 జూలై నుంచి 18,600 పౌండ్లుగా ఉన్న వార్షికాదాయం హద్దు 2024 ఏప్రిల్ 11న 29,000కు పెరిగింది. చాలా ఫైళ్ళు దెబ్బతినేది ఇక్కడే. దెబ్బతినే తీరులో మనవాళ్ళదంటూ ఒకటుంది.

అబ్బాయి ఒక కంపెనీలో ఏడాదికి 30,000 మీద ఉన్నాడనుకోండి. హద్దుకు వెయ్యి పైనే. పెళ్ళికి ఊరొస్తాడు. ఉన్న సెలవులు పెళ్ళికి, రిసెప్షన్‌కే అయిపోతాయి. యాదగిరిగుట్ట, వేములవాడ మొక్కులు తీర్చుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి రిజిస్టర్ చేయించుకుని వెళ్ళేసరికి ఇంకో రెండు వారాలు. ఆ రెండు వారాలు జీతం లేని సెలవు. వెళ్ళిన వెంటనే, "ఇంకెందుకు ఆలస్యం" అని రెండు వైపుల పెద్దలూ తొందరపెడితే అప్లికేషన్ పెట్టేస్తాడు. ఉద్యోగం ఒకే చోట ఆరు నెలలకు పైగా చేస్తున్నవాళ్ళు వెనకటి ఆరు నెలల పేస్లిప్పులు, వాటికి సరిపోయే బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి. నెలజీతగాళ్ళకు ఆ ఆరు నెలల్లో అతి తక్కువ స్థాయి ఏదుంటే దాన్ని బట్టి ఏడాది ఆదాయం కడతారు. నెలకు 2,416 పౌండ్లకు పైగా రావాల్సిన చోట పెళ్ళి నెల స్లిప్పు 1,300 చూపిస్తోంది. లెటర్లో "ఆదాయ నిబంధన అందలేదు" అని వస్తుంది.

ఈ కేసులో అప్పీల్ వేస్తే జడ్జి సానుభూతి చూపొచ్చు గానీ, ఆ రోజున ఫైల్లో కాగితాలు సరిపోలేదన్నది మారదు. పెళ్ళి నెల స్లిప్పు ఆరు నెలల లెక్కలోంచి జారిపోయేదాకా ఆగి కొత్తగా పెడితే పని తేలిగ్గా అవుతుంది. అప్పీల్ తేదీ రావడానికి పట్టే కాలంలో ఇక్కడ వీసా చేతికి రావచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ చివరి తేదీ అప్లికేషన్ తేదీకి 28 రోజుల లోపే ఉండాలన్నది మాత్రం మరవకండి.

అదే ఇంకో రకం చూడండి. ఆరు స్లిప్పులూ ఉన్నాయి, బ్యాంకులో పడ్డ డబ్బుతో పైసా తేడా లేకుండా సరిపోతున్నాయి, అధికారి ఒక నెలను రెండుసార్లు తీసేసి లెక్క తక్కువ చూపాడు. ఇది వాళ్ళ తప్పు. ఇక్కడ మళ్ళీ రెండు లక్షలు కట్టడమెందుకు? 140 పౌండ్లతో అప్పీల్ వేసి, హోం ఆఫీసు తిరిగి చూసుకునే దశలోనే పని కానిచ్చుకోవచ్చు.

పొదుపు మీద ఆధారపడేవాళ్ళ గురించి రెండు మాటలు. జీతమే లేకపోతే 88,500 పౌండ్లు ఆరు నెలలుగా మీ ఖాతాలో ఉండాలి. మామగారు పోయిన నెల వేసిన డబ్బు, ఎత్తుకున్న చిట్టీ డబ్బు ఆ రోజుకి లెక్కలోకి రావు. నాన్న బహుమతిగా ఇచ్చినా పర్వాలేదు, కానీ ఆరు నెలలు మీ చేతిలో ఉండాలి. భార్య గానీ భర్త గానీ తమ పేరు మీదున్న ప్లాటు అమ్మితే వచ్చిన సొమ్ముకు వెసులుబాటు ఉంది. ఆ ప్లాటు ఆ ఆరు నెలల మొదట్లో మీదే అయి ఉండాలి. ప్లాటు నాన్న పేరు మీదుంటే ఆ వెసులుబాటు దక్కదు. అమ్మాయి హన్మకొండలో ప్రైవేటు కాలేజీలో లెక్చరరై నెలకు నలభై వేలు సంపాదిస్తున్నా, బయట నుంచి పెట్టే మొదటి అప్లికేషన్లో ఆ జీతాన్ని కలపరు. ఇవన్నీ కొత్త అప్లికేషన్‌తో సరిచేసుకోవాల్సిన సంగతులు.

ఒక మినహాయింపు చెప్పాలి. రూల్ మారిన వేళ పాత అప్లికేషన్‌ను కాపాడుకోవడం విలువైన పని. 2024 ఏప్రిల్ 11కి ముందు పెట్టి రిఫ్యూజ్ అయినవాళ్ళు అప్పీల్ నడిపితే పాత 18,600 లెక్క దక్కింది, కొత్తగా పెట్టినవాళ్ళ నెత్తిన 29,000 పడింది. హద్దు ఇంకా పెంచాలన్న ఆలోచన అక్కడి ప్రభుత్వాలకు ఒకప్పుడు ఉండేది. కాబట్టి మీ లెటర్ వచ్చే నాటికి ఆ కబుర్లు ఏమైనా నడుస్తున్నాయేమో చూసి నిర్ణయించుకోండి.

పెళ్ళిని నమ్మనప్పుడు

అప్పీల్ తన విలువ చూపేది ఇక్కడ. లెటర్లో "మీ సంబంధం నిజమైనది, కొనసాగుతున్నది అని నాకు నమ్మకం కలగలేదు" అని ఉంటుంది. చదివినవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఐదారు వందల మంది భోజనాలు చేసిన పెళ్ళి, పుస్తెమట్టెలు పెట్టిన పెళ్ళి, నమ్మకం కలగలేదంట.

కోపం పక్కన పెట్టి అధికారి కళ్ళతో ఒకసారి ఫైల్ చూడండి. పెళ్ళిచూపులకూ పెళ్ళికీ మధ్య నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో ఇద్దరూ ఎదురుపడ్డది రెండుసార్లు, రెండుసార్లూ చుట్టూ పదిమంది. పెళ్ళి తర్వాత మూడు వారాలు కలిసి ఉండి అబ్బాయి వెళ్ళిపోయాడు. తర్వాత ఆషాఢం. అమ్మాయి పుట్టింట్లో ఉంది. అధికారికి కనిపించింది, పెళ్ళయిన అమ్మాయి అత్తవారి చిరునామాలో లేదు. అబ్బాయి నెలనెలా డబ్బు పంపుతున్నాడు, కానీ ఎప్పటిలాగే నాన్న ఖాతాకు. కోడలికి కావాల్సింది ఆయన ఇస్తాడు, అది మన ఇళ్ళలో మామూలు. స్టేట్‌మెంట్లో మాత్రం భార్య పేరుమీద ఒక్క రూపాయి లేదు.

తేదీల గొడవ కూడా ఉంది. శుభలేఖలో "గురువారం రాత్రి 1 గంట 12 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. మన పంచాంగానికి సూర్యోదయంతో రోజు మారుతుంది కాబట్టి శుభలేఖ మీద గురువారం తేదీ. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో శుక్రవారం తేదీ. అప్లికేషన్లో అబ్బాయి ఒకటి రాస్తే, ఇంటర్వ్యూలో అమ్మాయి ఇంకోటి చెబుతుంది. ఇద్దరూ నిజమే చెప్పారు. అధికారి "దంపతులకు తమ పెళ్ళి తేదీ తెలియదు" అని రాస్తాడు. ఇలాంటి దానికి పురోహితుడి ఉత్తరం, ఫంక్షన్ హాల్ రసీదు, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన ఫైళ్ళ మీద టైమ్, ఈ మూడూ చాలు. పురోహితుడి ఉత్తరంలో ముహూర్తం ఇంగ్లీషు తేదీ ప్రకారం ఎప్పుడు పడుతుందో వివరంగా రాయించి, దాన్ని ఇంగ్లీషులోకి అనువాదం చేయించాలి. అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, సంప్రదించే వివరాలు దానిపై ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇలాంటి రిఫ్యూజల్‌కు అప్పీలా, కొత్తదా? మొదటిసారి మీరు పెట్టిన సాక్ష్యం ఎంతో చూసుకోండి. ఆరు పెళ్ళి ఫొటోలు, ఒక సర్టిఫికెట్, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి "నమ్మలేదు" అంటే అది ఫైల్ లోటే. చాట్లు, కాల్ రికార్డు, ఒడిబియ్యం నాటి ఫొటోలు, అబ్బాయి మళ్ళీ వచ్చివెళ్ళిన టికెట్లు, ఈసారి నేరుగా అమ్మాయి ఖాతాకు పంపిన డబ్బు, ఇవన్నీ పెట్టి కొత్తగా వేయండి. చాట్లు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కదా, వాటికీ అనువాదం కావాలి. రోజూ "తిన్నవా", "తిన్న, నువ్వు?" అని వందల మెసేజ్‌లు ఉంటాయి, అవన్నీ అనువాదం చేయిస్తే ఖర్చు దండగ. నెలకు ఒకటి రెండు రోజుల సంభాషణ, ఏదైనా గొడవ పడ్డది, ఆసుపత్రి సంగతి, ఇల్లు వెతుకులాట లాంటివి ఎంచుకోండి. గొడవలు దాచకండి. నిజమైన జంటలు గొడవపడతాయని జడ్జికీ తెలుసు.

సాక్ష్యం దండిగా పెట్టినా నమ్మకపోతే మాత్రం అప్పీల్. ఎందుకంటే మళ్ళీ పెడితే ఆ ఫైల్ చూసే ఇంకో అధికారి ముందు మొదటి అధికారి మాట అలాగే ఉంటుంది. "ఇంతకుముందు ఇదే కారణంతో తిరస్కరించారు, మారిందేమీ లేదు" అని ఒక్క పేరాలో తేల్చేసే ప్రమాదం ఉంది. ట్రిబ్యునల్ జడ్జి హోం ఆఫీసు మనిషి కాదు. నిర్ణయం తర్వాత వచ్చిన సాక్ష్యాన్ని కూడా ఆయన చూడగలడు. అప్పీల్ వేశాక అబ్బాయి రెండుసార్లు వచ్చివెళ్తే, బిడ్డ పుడితే, అదంతా విచారణ నాటికి మీ వైపు నిలబడుతుంది. పూర్తిగా కొత్త అంశమైతే హోం ఆఫీసు సమ్మతి కావాలి, ఆ సంగతి మీ లాయరు చూసుకుంటారు.

"అబద్ధమాడారు" అని రాస్తే

ఈ ఆరోపణ ఉన్న లెటర్‌ను జేబులో పెట్టుకుని కొత్త ఫారం నింపడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ పని. అప్పీల్ హక్కు ఉన్నప్పుడు దాన్ని వాడుకోకుండా వదిలేస్తే ఆ మచ్చ తర్వాత పెట్టే ప్రతి అప్లికేషన్‌కూ అంటుకుంటుంది.

మనవాళ్ళకు ఇది ఎక్కడ వస్తుందంటే, పాత రిఫ్యూజల్స్ దగ్గర. బీటెక్ అయ్యాక అమెరికా ఎఫ్1 వీసాకు వెళ్ళి కాన్సులేట్‌లో రిజెక్ట్ అయిన అమ్మాయిలు, అబ్బాయిలు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. యూకే ఫారంలో ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని అడుగుతారు. "అది అమెరికాది కదా, ఎప్పటిదో" అని ఏజెంటు "లేదు" కొట్టేస్తాడు. తర్వాత బయటపడితే మోసం అంటారు. మర్చిపోవడానికీ, కావాలని దాచడానికీ తేడా ఉందని బ్రిటిష్ కోర్టులే చెప్పాయి, మోసం జరిగిందని నిరూపించే భారం హోం ఆఫీసుదే. ఈ వాదన వినిపించే చోటు అప్పీల్.

పాస్‌పోర్ట్ మార్చుకుంటే పాత రిఫ్యూజల్ కనబడదన్న సలహా ఎవరైనా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. వేలిముద్రలు మారవు.

రెండూ కలిపి

అప్పీల్ వేస్తే అధికారులు పగబడతారని ఒక భయం. నాకైతే అందులో అర్థం కనబడలేదు. దేశం బయట ఉన్నవాళ్ళు అప్పీల్ నడుస్తుండగానే కొత్త అప్లికేషన్ కూడా పెట్టుకోవచ్చు. 28 రోజుల్లోపు 140 పౌండ్లు కట్టి హక్కు కాపాడుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఫైల్ సరిచేసి కొత్తది పెడతారు. ఏది ముందు ఫలిస్తే అది. కొత్త వీసా వచ్చేస్తే అప్పీల్ ఉపసంహరించుకుంటారు. ఆదాయం లోటూ, నమ్మకం లోటూ రెండూ ఒకే లెటర్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే దారి. డబ్బు రెండు వైపులా పోతుంది, నిజమే. పెట్టగలిగితే పెట్టండి. ఒక్క జాగ్రత్త: అప్పీల్‌లో రాసిన దానికీ, కొత్త ఫారంలో నింపిన దానికీ ఒక్క తేదీ కూడా తేడా రాకూడదు. ఒకటి ఇక్కడి ఏజెంటు, ఇంకోటి అక్కడి లాయరు నింపితే తేడా వచ్చి తీరుతుంది.

ఇక్కడి కన్సల్టెన్సీల తీరు కూడా అర్థం చేసుకోవాలి. ఫైల్‌కు ఇంత అని తీసుకునే ఆఫీసు "అక్కా, అప్పీలంటే కోర్టు కేసు, ఏండ్లకేండ్లు పడతది, మళ్ళ పెడదాం" అనే అంటుంది. వాళ్ళకు అప్పీల్‌లో పని లేదు. అక్కడి లాయర్లలో గంటల లెక్కన తీసుకునేవాళ్ళు అప్పీల్ వైపే మొగ్గొచ్చు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "లెటర్లో ఏ పేరా తప్పు, ఎందుకు తప్పు?" పేరా చూపించి చెప్పలేనివాళ్ళకు డబ్బు కట్టకండి. యూకేలో ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సొలిసిటర్ లాంటి లైసెన్సున్న లాయరైనా కావాలి, ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైనా ఉండాలి. 2025 జనవరి దాకా దాన్ని ఓఐఎస్‌సీ అనేవారు. సలహాదారు పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. విచారణ జరిగేది అక్కడ కాబట్టి, అప్పీల్ వరకు అక్కడి మనిషినే పెట్టుకోండి.

అప్పీల్ గెలిస్తే వీసా వెంటనే చేతికి రాదు. హోం ఆఫీసు పై అప్పీల్‌కు వెళ్ళకపోతే తర్వాత ఏం చేయాలో మెయిల్ వస్తుంది. అప్పటికి టీబీ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంటుంది కాబట్టి కొత్తది అడుగుతారు. పాస్‌పోర్ట్ గడువు తక్కువుంటే ఆలోపే రెన్యూవల్ చేయించుకోండి. జడ్జి ఫీజు అవార్డ్ ఇస్తే మీరు కట్టిన 80 గానీ 140 గానీ తిరిగి వస్తుంది, లాయరుకు ఇచ్చింది రాదు. తీర్పు వచ్చి వారాలు గడిచినా మెయిల్ రాకపోతే ఊరుకోకుండా అబ్బాయి ఉండే చోటి ఎంపీ ఆఫీసుకు రాయించండి. అక్కడ ఎంపీలు తమ నియోజకవర్గం వాళ్ళ వీసా సంగతులు హోం ఆఫీసును అడగడం మామూలే, దానికి రూపాయి ఖర్చు లేదు.